షేర్డ్ లైబ్రరీలను వెతికే దారులు

ప్రోగ్రామ్ నడవడం మొదలవగానే దానికి కావలసిన షేర్డ్ లైబ్రరీలు డిస్కులో ఎక్కడున్నాయో కనుక్కునేందుకు లోడర్ గాలించే డైరెక్టరీల వరుసను లైబ్రరీ అన్వేషణ మార్గం అంటారు. వాడుకలో అది లైబ్రరీ పాత్. ప్రోగ్రామ్ ఫైల్లో సాధారణంగా లైబ్రరీ పేరు మాత్రమే రాసి ఉంటుంది, అది ఏ డైరెక్టరీలో దొరుకుతుందో రాసి ఉండదు. ఆ సంగతి చెప్పగలిగినవారు ముగ్గురు: ప్రోగ్రామ్‌ను తయారు చేసినవారు, యంత్రాన్ని నిర్వహించేవారు, ప్రోగ్రామ్‌ను నడిపేవారు. ముగ్గురూ మూడు వేర్వేరు చోట్ల చెబుతారు. ఎవరి మాట ముందు చెల్లుతుందన్నదే ఈ విషయమంతటికీ మూలం. లైనక్స్‌లోనూ ఇతర యూనిక్స్ తరహా వ్యవస్థల్లోనూ లైబ్రరీలు దొరక్కపోవడం, ఒకటి కావాలంటే మరొకటి లోడ్ కావడం వంటి చిక్కులు చాలావరకు ఆ వరుస తెలియకే వస్తాయి. కింది వివరణ ప్రధానంగా జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీని వాడే లైనక్స్‌కు వర్తిస్తుంది. మజిల్, మ్యాక్‌ఓఎస్, విండోస్ పద్ధతులు తర్వాత వస్తాయి.

లింకర్ వెతకడం, లోడర్ వెతకడం

ఒకే లైబ్రరీని రెండుసార్లు వెతకాల్సి వస్తుంది. ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసి కూర్చేటప్పుడు లింకర్ వెతుకుతుంది. ప్రోగ్రామ్‌ను నడిపిన ప్రతిసారీ లోడర్ వెతుకుతుంది. వెతికేవి వేరు, చూసే చోట్లు వేరు. కంపైలర్‌కు ‘-ఎల్’ ఆప్షన్‌తో ఇచ్చిన డైరెక్టరీ లింకర్ పని ముగిసేవరకే పనికొస్తుంది. తయారైన ప్రోగ్రామ్ ఫైల్లో దాని జాడ మిగలదు. అందుకే కంపైల్ చక్కగా పూర్తయిన ప్రోగ్రామ్ నడపబోగానే ఆగిపోవడం కొత్తవారికి తరచుగా ఎదురవుతుంది. షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైలును తెరవలేకపోయామనీ, అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదనీ తెలిపే సందేశం తెరమీద కనిపిస్తుంది. ప్రోగ్రామ్ 127 అనే నిష్క్రమణ సంఖ్యతో ముగుస్తుంది. ఆ ప్రోగ్రామ్‌లోని ఒక్క వరుస కూడా అప్పటికి నడిచి ఉండదు. ఆ సందేశం లోడర్ ఇచ్చేది.

ఒక్కో లైబ్రరీకి మూడు పేర్లుంటాయి. కుదింపు పనులకు వాడే జెడ్‌లిబ్ మంచి ఉదాహరణ. డిస్కులోని అసలు ఫైలు పేరు ‘లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1.2.11’ వంటిది. లింకర్ వెతికే పేరు వెర్షన్ సంఖ్య ఏమీ లేని ‘లిబ్‌జెడ్.ఎస్‌ఓ’. ఈ రెండింటి నడుమ ‘లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1’ అనే ఎస్‌ఓనేమ్ ఉంటుంది. లింకర్ చిన్న పేరుతో ఫైలును కనుక్కుని, దాని లోపల రాసి ఉన్న ఎస్‌ఓనేమ్‌ను చదివి, ఆ పేరునే ప్రోగ్రామ్‌లోని అవసరాల పట్టికలో రాస్తుంది. లోడర్ వెతికేది ఆ ఎస్‌ఓనేమ్‌నే. చిన్న పేరూ ఎస్‌ఓనేమూ రెండూ మామూలుగా అసలు ఫైలుకు వేసిన సింబాలిక్ లింకులు. పాత ప్రోగ్రాములతో పొసగని మార్పు వచ్చినప్పుడే ఎస్‌ఓనేమ్‌లోని సంఖ్య పెరుగుతుంది. చిన్న దిద్దుబాట్లకు అసలు ఫైలు మారుతుంది, లింకు కొత్త ఫైలు వైపు తిరుగుతుంది, ప్రోగ్రాములను ముట్టుకోవలసిన పని ఉండదు. ఒక భద్రతా లోపాన్ని ఒక్క ఫైలు మార్చి వందల ప్రోగ్రాముల్లో సరిదిద్దగలగడం షేర్డ్ లైబ్రరీల వల్ల కలిగే అతి పెద్ద ప్రయోజనం.

పూర్వరంగం

నడిచే వేళ లైబ్రరీలను కలుపుకునే ఆలోచన 1960ల నాటి మల్టిక్స్‌లోనే ఉంది. యూనిక్స్ మాత్రం చాలా ఏళ్లు లైబ్రరీ కోడ్‌ను ప్రతి ప్రోగ్రామ్‌లోకీ కాపీ చేసే స్టాటిక్ పద్ధతితోనే సాగింది. సిస్టమ్ 5 మూడో విడుదలలో షేర్డ్ లైబ్రరీలు వచ్చినా ఒక్కో లైబ్రరీకి మెమరీలో శాశ్వతమైన చోటు ముందే కేటాయించాల్సి వచ్చేది. సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు రాబర్ట్ జింజెల్ తదితరులు 1987లో యూజ్‌నిక్స్ సదస్సులో వివరించిన రూపకల్పన ఈ బంధనాన్ని తెంచింది. మెమరీలో ఎక్కడ పెట్టినా నడిచే కోడ్, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు పనిచేసే ‘ఎల్‌డీ.ఎస్‌ఓ’ అనే లోడర్ 1988లో సన్‌ఓఎస్ 4.0తో బయటికొచ్చాయి. నడిపేవారు తమ దారులు చెప్పేందుకు వాడే ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ అన్న పేరు కూడా ఆ వ్యవస్థ నుంచి వచ్చినదే. ఆ ఆలోచనలే సిస్టమ్ 5 నాలుగో విడుదలలోని ఎల్ఫ్ ఫైలు రూపానికి పునాది అయ్యాయి. లైనక్స్ తొలినాళ్లలో ఏ.అవుట్ రూపాన్ని వాడింది. అందులో ప్రతి షేర్డ్ లైబ్రరీకీ ఒక స్థిర చిరునామా ఉండాలి, రెండు లైబ్రరీలు ఒకే చోటు కోరకుండా చూసుకోవాలి. 1990ల మధ్యలో లైనక్స్ పంపిణీలు ఎల్ఫ్‌కు మారడంతో ఆ బాధ తీరింది.

లోడర్ పని

ప్రోగ్రామ్‌ను నడపమన్నప్పుడు కెర్నెల్ దాని ఎల్ఫ్ ఫైలును తెరిచి, అందులో పేర్కొన్న లోడర్‌ను కూడా మెమరీలోకి తెస్తుంది. 64 బిట్ ఇంటెల్ యంత్రాల్లో ఆ లోడర్ ‘/లిబ్64/ఎల్‌డీ-లైనక్స్-ఎక్స్86-64.ఎస్‌ఓ.2’. లోడర్‌కు మాత్రం పూర్తి చిరునామా ఫైల్లోనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని వెతికిపెట్టేందుకు మరొకరు లేరు. లోడర్ ప్రోగ్రామ్ అవసరాల పట్టికను చదివి అందులోని లైబ్రరీలను ఒక్కొక్కటిగా తెస్తుంది. తర్వాత ఆ లైబ్రరీలకు కావలసిన లైబ్రరీలను, ఆపైన వాటికి కావలసినవాటిని, ఇలా పొర తర్వాత పొరగా సాగుతుంది. ఒకే ఎస్‌ఓనేమ్ ఉన్న లైబ్రరీ అప్పటికే లోడై ఉంటే మళ్లీ వెతకదు, ఉన్నదాన్నే ఇస్తుంది. ఈ చిన్న నియమం ముందుముందు పెద్ద పని చేస్తుంది.

పట్టికలోని పేరులో ఏటవాలు గీత ఉంటే దాన్ని దారిగానే తీసుకుంటుంది, వెతుకులాట ఉండదు. ఉత్త పేరైతే వరుస ఇలా ఉంటుంది. ముందుగా ప్రోగ్రామ్‌లో రాసి ఉన్న ఆర్‌పాత్, అది కూడా రన్‌పాత్ లేనప్పుడు మాత్రమే. తర్వాత వాడుకరి ఇచ్చిన ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’. ఆ తర్వాత రన్‌పాత్. అక్కడా దొరక్కపోతే నిర్వాహకుడు సిద్ధం చేసిన ‘/ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.క్యాష్’ అనే సూచిక. చివరగా ‘/లిబ్’, ‘/యూఎస్‌ఆర్/లిబ్’, లేదా వాటి 64 బిట్ రూపాలు. మొదట దొరికిన ఫైలుతో వెతుకులాట ఆగిపోతుంది. యంత్రపు వాస్తు వేరైతే, అంటే 64 బిట్ ప్రోగ్రామ్‌కు 32 బిట్ లైబ్రరీ తగిలితే, దాన్ని వదిలి ముందుకు వెళుతుంది. అంతకుమించి ఆ ఫైలు సరైన వెర్షనా కాదా అని బేరీజు వేసి, ఇంకా మంచిది ఉందేమోనని ముందుకు చూడదు. పాత కాపీ ముందు దొరికితే దాన్నే పట్టుకుంటుంది. ఆపైన కావలసిన ఫంక్షన్ అందులో లేదని ఫిర్యాదు చేస్తుంది.

ఆర్‌పాత్, రన్‌పాత్

ప్రోగ్రామ్‌ను తయారు చేసేవారు తమ మాటను ఫైల్లోనే రాసి ఉంచే మార్గాలివి. లింకర్‌కు ‘-ఆర్‌పాత్’ ఆప్షన్ ఇస్తే ఆ డైరెక్టరీ ఎల్ఫ్ ఫైలులోని డైనమిక్ భాగంలో చేరుతుంది. మొదట్లో ఉన్నది ఆర్‌పాత్ ఒక్కటే. అది వాడుకరి మాటకన్నా ముందు నిలబడుతుంది కనుక, తయారీదారు ఒక డైరెక్టరీ రాసేశాక దిద్దిన లైబ్రరీని పరీక్షించి చూద్దామన్నా నడిపేవారికి వీలుండేది కాదు. ఈ లోటు తీర్చడానికి రన్‌పాత్ వచ్చింది. దాని స్థానం ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ తర్వాత. ఇప్పుడు చాలా పంపిణీల్లో ‘-ఆర్‌పాత్’ అని రాసినా ఫైల్లో పడేది రన్‌పాతే. పాత రూపమే కావాలంటే లింకర్‌కు కొత్త ట్యాగులు వద్దని ప్రత్యేకంగా చెప్పాలి.

రెండింటి మధ్య తేడా స్థానంతో ఆగదు. తెలియనివారిని రోజుల తరబడి తిప్పే తేడా మరొకటి ఉంది. ‘లెక్క’ అనే ప్రోగ్రామ్‌కు ‘లిబ్‌గణితం’ కావాలి, లిబ్‌గణితానికి ‘లిబ్‌పట్టిక’ కావాలి అనుకుందాం. రెండు లైబ్రరీలూ ‘/ఆప్ట్/లెక్క/లిబ్’లోనే ఉన్నాయి. లెక్కలో ఆ డైరెక్టరీని ఆర్‌పాత్‌గా రాస్తే రెండూ దొరుకుతాయి. ఎందుకంటే లిబ్‌పట్టికను వెతికేటప్పుడు లోడర్ ముందు లిబ్‌గణితం ఆర్‌పాత్‌ను, తర్వాత దాన్ని పిలిచిన లెక్క ఆర్‌పాత్‌ను, ఇలా గొలుసు పైదాకా చూస్తుంది. అదే డైరెక్టరీని రన్‌పాత్‌గా రాస్తే లిబ్‌గణితం దొరుకుతుంది, దాని పక్కనే ఉన్న లిబ్‌పట్టిక మాత్రం దొరకదు. రన్‌పాత్ దాన్ని రాసుకున్న ఫైలు నేరుగా అడిగిన లైబ్రరీలకే చెల్లుతుంది. పిల్లలకు ఆ వారసత్వం అందదు. దీనికి సరైన మందు ప్రతి లైబ్రరీలోనూ దానికి కావలసిన రన్‌పాత్ రాయడమే. పని పెరుగుతుంది గానీ ఒక్కో ఫైలూ తన అవసరం తానే చెప్పుకుంటుంది, ఎవరు పిలిచినా నడుస్తుంది. ఇంకో మెలిక: ఒకే ఫైల్లో రెండూ ఉంటే రన్‌పాత్‌నే తీసుకుని ఆర్‌పాత్‌ను పక్కన పెడతారు.

పూర్తి చిరునామాలు రాస్తే ప్రోగ్రామ్ ఒక చోటికి కట్టుబడిపోతుంది. డైరెక్టరీని మరో చోటికి జరపగానే లైబ్రరీలు దొరకవు. దీనికి విరుగుడుగా ‘$ఆరిజిన్’ అనే గుర్తు ఉంది. లోడర్ దాని స్థానంలో ఆ ఫైలు ఉన్న డైరెక్టరీని ఉంచుతుంది. కనుక ‘$ఆరిజిన్/../లిబ్’ అంటే ప్రోగ్రామ్ ఉన్న డైరెక్టరీకి ఒక మెట్టు పైకెక్కి, అక్కడి లిబ్‌లో చూడమని అర్థం. బిన్, లిబ్ రెండూ ఒకే గూటిలో ఉన్నంతకాలం ఆ గూటిని ఎక్కడికి మోసుకుపోయినా పనిచేస్తుంది. సొంత లైబ్రరీలతో కలిపి పంపే ప్రోగ్రామ్‌కు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. రాసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. డాలర్ గుర్తును షెల్ తన వేరియబుల్‌గా భావించి ఖాళీతో మార్చేస్తుంది కనుక ఒంటి కోట్లలో పెట్టాలి. మేక్ ఫైలులో అయితే డాలర్‌ను రెండుసార్లు రాయాలి. ఈ జాగ్రత్త తీసుకోనప్పుడు రన్‌పాత్‌లో ఉత్త ‘/../లిబ్’ మిగలడం తరచుగా చూడవచ్చు.

ఒకసారి రాసిన దాన్ని తర్వాత మార్చడం కూడా సాధ్యమే. సీహెచ్‌ఆర్‌పాత్ అనే పాత పనిముట్టు ఉన్న చోటులోనే దిద్దుతుంది, కొత్త దారి పాతదానికన్నా పొడవుగా ఉండకూడదు. నిక్స్‌ఓఎస్ ప్రాజెక్టు నుంచి వచ్చిన ప్యాచ్ఎల్ఫ్‌కు ఆ పరిమితి లేదు. ఫైలు లోపలి భాగాలను సర్దుకుని ఎంత పొడవైన దారినైనా పెడుతుంది. సీమేక్ తన వంతుగా రెండు దారులు వాడుతుంది: కంపైల్ చేసిన చోట పరీక్షించేందుకు ఒకటి, ఇన్‌స్టాల్ అయ్యాక మరొకటి. ఇన్‌స్టాల్ దారి ప్రత్యేకంగా ఇవ్వకపోతే మొదటిదాన్ని తుడిచేస్తుంది. కంపైల్ చేసిన డైరెక్టరీలో నడిచిన ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేశాక నడవకపోవడానికి ఇదే కారణం.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్

నడిపేవారి చేతిలో ఉన్నది ఈ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. డైరెక్టరీలను వరుసగా రాసి నడుమ కోలన్ పెడితే సరిపోతుంది. జీలిబ్‌సీ సెమీకోలన్‌ను కూడా అంగీకరిస్తుంది. కొత్తగా కట్టిన లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయకుండానే పరీక్షించడానికీ, ఫైళ్లను ముట్టుకునే వీలులేని ప్రోగ్రామ్‌ను ఎలాగైనా నడిపించడానికీ ఇది చాలా అక్కరకొస్తుంది. దీన్ని లాగిన్ ఫైల్లో శాశ్వతంగా రాసి మరిచిపోవడం దగ్గరే తంటా మొదలవుతుంది. ఆ షెల్ నుంచి పుట్టే ప్రతి ప్రోగ్రామ్‌కూ అది వారసత్వంగా వెళుతుంది. ఒక్క ప్రోగ్రామ్ కోసం పెట్టిన డైరెక్టరీలో పాత జెడ్‌లిబ్ ఉంటే, దానితో సంబంధం లేని ఎడిటరూ బ్రౌజరూ కూడా ఆ పాత లైబ్రరీతోనే నడవబోయి పడిపోతాయి. కారణం కనిపెట్టడం కష్టం, ఎందుకంటే పడిపోయిన ప్రోగ్రామ్‌లో ఏ లోపమూ ఉండదు.

అందువల్ల వేరియబుల్ తప్పనిసరైతే దాని పరిధిని కుదించాలి. ఆదేశానికి ముందే అదే వరుసలో విలువ రాస్తే ఆ ఒక్క నడకకే వర్తిస్తుంది. లేదా ప్రోగ్రామ్‌ను పిలిచే చిన్న షెల్ స్క్రిప్ట్‌లో పెట్టాలి. ఇంకా శుభ్రమైన దారి లోడర్‌నే నేరుగా పిలవడం: లోడర్ ఫైలు పేరు రాసి, ‘--లైబ్రరీ-పాత్’ ఆప్షన్‌తో డైరెక్టరీ ఇచ్చి, ఆ తర్వాత ప్రోగ్రామ్ పేరు రాస్తే ఆ దారి ఆ ప్రాసెస్‌తోనే ఆగుతుంది, దాని పిల్లలకు సోకదు. అయితే అప్పుడు కెర్నెల్ దృష్టిలో నడుస్తున్నది లోడర్ కనుక, తాను ఏ ఫైలునని కెర్నెల్‌ను అడిగి తెలుసుకునే ప్రోగ్రాములు తికమకపడతాయి.

పాత విలువకు కొత్త డైరెక్టరీని జోడించే అలవాటు వరుసలో ఒక ప్రమాదం దాగి ఉంది. కొత్త డైరెక్టరీ, కోలన్, ఆపైన పాత విలువ అని రాస్తారు. పాత విలువ ఖాళీ అయితే చివర కోలన్ ఒంటరిగా మిగులుతుంది. ఖాళీ భాగమంటే ప్రస్తుత డైరెక్టరీ అని లోడర్ అర్థం. అంటే ఆ తర్వాత ఏ డైరెక్టరీలో నిలబడి ప్రోగ్రామ్ నడిపితే అక్కడి ఫైళ్లు లైబ్రరీలుగా లోడయ్యే అవకాశం తెరుచుకుంటుంది. అందరూ ఫైళ్లు పెట్టగలిగే తాత్కాలిక డైరెక్టరీలో నిలబడి నడిపితే జరిగే హాని చిన్నది కాదు. పాత విలువ ఉన్నప్పుడే కోలన్ చేరేలా షెల్‌లోని షరతు విస్తరణను వాడాలి.

ప్రోగ్రామ్ నడుస్తూ ఉండగా తన ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ను తానే మార్చుకుంటే ఏమవుతుందన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఏమీ కాదు. లోడర్ ఆ విలువను మొదట్లో ఒకసారి చదివి దాచుకుంటుంది. ఆ తర్వాత వేరియబుల్‌ను మార్చడం కొత్తగా పుట్టే ప్రాసెస్‌లకు చెల్లుతుంది గానీ, ఉన్న ప్రాసెస్‌లో, నడుస్తుండగా లైబ్రరీని తెచ్చే డీఎల్‌ఓపెన్ ఫంక్షన్‌ను పిలిచినా పాత దారులే చూస్తుంది. మార్పు చెల్లాలంటే ప్రోగ్రామ్ కొత్త విలువతో తనను తానే మళ్లీ మొదలుపెట్టుకోవాలి. లేదా డీఎల్‌ఓపెన్‌కు లైబ్రరీ పూర్తి దారి ఇవ్వాలి. ఒకే ఎస్‌ఓనేమ్‌ను రెండోసారి వెతకదన్న నియమం ఇక్కడ ఉపయోగపడుతుంది. కావలసిన లైబ్రరీలను ముందుగా పూర్తి దారులతో లోడ్ చేసి ఉంచితే, తర్వాత వచ్చే లైబ్రరీలు వాటిని ఉత్త పేర్లతో అడిగినా దొరుకుతాయి. పైథాన్‌లో పైటార్చ్ వంటి ప్యాకేజీలు ఎన్‌విడియా ‘క్యూడా’ లైబ్రరీలను ఈ ఉపాయంతో లోడ్ చేసుకోగలవు.

షెల్‌లో పనిచేసిన ప్రోగ్రామ్ క్రాన్ ద్వారా గానీ సిస్టమ్‌డీ సేవగా గానీ నడిపితే లైబ్రరీ లేదని మొరపెట్టడం మరో నిత్య సమస్య. ఆ రెండూ వాడుకరి లాగిన్ ఫైళ్లను చదవవు. సేవ వివరాల ఫైల్లోనే వేరియబుల్‌ను రాయాలి. రన్‌పాత్ సరిగ్గా ఉంటే ఈ అవస్థే రాదు.

నిర్వాహకుడి సూచిక

యంత్రం మొత్తానికి వర్తించే దారులు ‘/ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్’ ఫైల్లోనూ, దాని పక్కనున్న ‘ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీ’ డైరెక్టరీలోని ఫైళ్లలోనూ ఉంటాయి. లోడర్ వీటిని చదవదు. రూట్ అధికారంతో ఎల్‌డీకాన్ఫిగ్‌ను నడిపితే అది ఆ డైరెక్టరీలన్నీ తిరిగి, ఎస్‌ఓనేమ్ లింకులు సరిచేసి, ఏ పేరు ఏ ఫైలులో ఉందో సూచిక ఫైలుగా రాస్తుంది. లోడర్ చూసేది ఆ సూచికనే. కనుక కాన్ఫ్ ఫైల్లో కొత్త డైరెక్టరీ చేర్చినా, ఉన్న డైరెక్టరీలో కొత్త లైబ్రరీ వేసినా ఎల్‌డీకాన్ఫిగ్ నడపనిదే ఫలితం ఉండదు. సూచికలో ఏముందో ‘-పీ’ ఆప్షన్‌తో చూడవచ్చు. సోర్సు నుంచి కట్టిన లైబ్రరీలు సాధారణంగా ‘/యూఎస్‌ఆర్/లోకల్/లిబ్’లో చేరతాయి. డెబియన్, ఉబుంటులలో ఆ డైరెక్టరీ మొదటినుంచే జాబితాలో ఉంటుంది. ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఉండదు, చేర్చుకోవాలి. ఒక పంపిణీ కోసం రాసిన సూచనలు మరొకదానిలో పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

ఈ సూచిక వేగానికి కూడా తోడ్పడుతుంది. వేరియబుల్‌లో పది డైరెక్టరీలుంటే ప్రతి లైబ్రరీ కోసం లోడర్ పదిసార్లు ఫైలు తెరవబోయి విఫలమై ముందుకు పోతుంది. ఒక యంత్రంలో ఇది తెలియదు. వేల నోడ్‌లున్న సూపర్ కంప్యూటర్‌లో ప్రతి నోడూ నెట్‌వర్క్ డిస్కును ఇలా తడితే ప్రోగ్రామ్ మొదలవడమే గగనమవుతుంది. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాల ఈ బాధ తీర్చేందుకు స్పిండిల్ అనే పనిముట్టును తయారు చేసుకుంది.

భద్రత

వాడుకరి మాటకు విలువ ఇవ్వకూడని సందర్భం ఒకటుంది. సెట్‌యూఐడీ ప్రోగ్రాములు నడిపినవారి అధికారంతో కాక ఫైలు యజమాని, తరచుగా రూట్, అధికారంతో నడుస్తాయి. వాటికి కూడా వాడుకరి చెప్పిన డైరెక్టరీ నుంచి లైబ్రరీ తెస్తే ఎవరైనా తమ కోడ్‌ను రూట్‌గా నడిపించుకోగలరు. అందుకే ఇలాంటి ప్రోగ్రాములను కెర్నెల్ ప్రత్యేకంగా గుర్తు పెట్టి లోడర్‌కు తెలుపుతుంది. లోడర్ అప్పుడు ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ను పట్టించుకోదు, ‘$ఆరిజిన్’ను కూడా నమ్మకమైన డైరెక్టరీలకే పరిమితం చేస్తుంది. కేపబిలిటీలు, అంటే రూట్ అధికారంలో కొన్ని ముక్కలు, ఇచ్చిన ఫైళ్లకూ ఇదే నియమం. 1024 కన్నా తక్కువ పోర్టు వాడుకునేందుకు జావా ప్రోగ్రామ్ ఫైలుకు కేపబిలిటీ ఇవ్వగానే ‘లిబ్‌జేఎల్‌ఐ’ దొరకడం లేదని ఆగిపోవడం ఈ నియమం ఫలితమే. అంతవరకు ఆ లైబ్రరీని చూపించింది ‘$ఆరిజిన్’. దాని డైరెక్టరీని నిర్వాహకుడు సూచికలో చేరిస్తే సమస్య పోతుంది.

ఈ గోడకు పగుళ్లు పడిన సందర్భాలున్నాయి. 2010 అక్టోబరులో టావిస్ ఆర్మండీ అనే భద్రతా పరిశోధకుడు, సెట్‌యూఐడీ ప్రోగ్రాముల విషయంలో ఆడిట్ వేరియబుల్‌లోని ‘$ఆరిజిన్’ను జీలిబ్‌సీ లోడర్ విస్తరించడం వల్ల రూట్ అధికారం చేజిక్కుతుందని చూపించాడు. 2023 అక్టోబరులో క్వాలిస్ సంస్థ బయటపెట్టిన ‘లూనీ ట్యూనబుల్స్’ లోపం లోడర్ తన సర్దుబాటు వేరియబుల్‌ను చదివే పద్ధతిలోనిది. మెమరీ హద్దు దాటి రాయగలిగాక పరిశోధకులు మార్చినది లోడర్ దాచుకున్న ఆర్‌పాత్ చిరునామానే. దాంతో సెట్‌యూఐడీ ప్రోగ్రామ్ తమ డైరెక్టరీలోని సీ లైబ్రరీని లోడ్ చేసింది. వెతికే దారి ఎవరి చేతిలో ఉంటే ప్రోగ్రామ్ వారి చేతిలో ఉన్నట్టే కనుక దాడి అటు వైపు మళ్లింది.

పంపిణీల పద్ధతులు

డెబియన్ విధానంలో లైబ్రరీలన్నీ ప్రామాణిక డైరెక్టరీల్లో ఉంటాయి కనుక ఆర్‌పాత్‌ను ప్రోత్సహించరు. నిక్స్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ప్రతి ప్యాకేజీ ‘/నిక్స్/స్టోర్’ కింద తన సొంత డైరెక్టరీలో ఉంటుంది, ఉమ్మడి లిబ్ ఉండదు, ప్రతి ఎల్ఫ్ ఫైలూ తనకు కావలసిన డైరెక్టరీలను తనలోనే రాసుకుంటుంది. ఒకే లైబ్రరీ అయిదు వెర్షన్లున్నా తగవు రాదు. శాస్త్ర గణనలకు వాడే స్పాక్ కూడా ఈ దారినే నడుస్తుంది. పైథాన్ వీల్ ప్యాకేజీల కోసం ఆడిట్‌వీల్ అనే పనిముట్టు బయటి లైబ్రరీలను ప్యాకేజీలోకి తెచ్చి, పేర్లకు ప్రత్యేకమైన తోక తగిలించి, ప్యాచ్ఎల్ఫ్‌తో దారులు తిరగరాస్తుంది.

ఇతర వ్యవస్థలు

ఆల్పైన్ లైనక్స్‌లోని మజిల్ లోడర్‌కు సూచిక లేదు. దారులు ఒక చిన్న పాఠ్య ఫైల్లో ఉంటాయి. అది ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ను అన్నిటికన్నా ముందు చూస్తుంది, ఆర్‌పాత్‌కూ రన్‌పాత్‌కూ తేడా చూపదు, రెండూ గొలుసు వెంట పైదాకా చెల్లుతాయి. జీలిబ్‌సీలో రన్‌పాత్ వల్ల దొరకని లిబ్‌పట్టిక మజిల్‌లో దొరుకుతుంది. ఏఐఎక్స్‌లో వేరియబుల్ పేరు ‘లిబ్‌పాత్’.

మ్యాక్‌ఓఎస్‌లో ప్రతి లైబ్రరీ తన ఇన్‌స్టాల్ నేమ్‌ను, మామూలుగా పూర్తి దారిని, తనలో మోస్తుంది. లింకర్ దాన్నే ప్రోగ్రామ్‌లో రాస్తుంది. కనుక అక్కడ ఉత్త పేరు కోసం వెతుకులాట తక్కువ. తరలించగల ప్రోగ్రాముల కోసం ‘@ఎగ్జిక్యూటబుల్_పాత్’, ‘@లోడర్_పాత్’ గుర్తులున్నాయి. 2007లో లెపర్డ్‌తో ‘@ఆర్‌పాత్’ చేరింది. రాసినవాటిని మార్చడానికి ఇన్‌స్టాల్_నేమ్_టూల్ ఉంది. ‘డీవైఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ అనే వేరియబుల్ ఉన్నా 2015లో ఎల్ కాపిటాన్‌తో వచ్చిన వ్యవస్థ రక్షణ దాన్ని రక్షిత ప్రోగ్రాముల దగ్గర తీసేస్తుంది. షెల్ కూడా రక్షితమే కనుక స్క్రిప్ట్ నడుమ ఆ విలువ మాయమవుతుంది. 2020 నాటి బిగ్ సర్ నుంచి వ్యవస్థ లైబ్రరీలు విడి ఫైళ్లుగా డిస్కులో కనిపించవు, ఒకే ఉమ్మడి క్యాష్‌లో ఉంటాయి.

విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్లో దారి రాసే ఏర్పాటు లేదు. ప్రోగ్రామ్ ఉన్న డైరెక్టరీని ముందుగా చూడటమే దాని స్థానంలో పనిచేస్తుంది. తర్వాత సిస్టమ్ డైరెక్టరీ, విండోస్ డైరెక్టరీ, ప్రస్తుత డైరెక్టరీ, చివరగా ‘పాత్’ వేరియబుల్. ఒకప్పుడు ప్రస్తుత డైరెక్టరీ రెండో స్థానంలో ఉండేది. ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ నుంచి వెనక్కి జరిపారు. పత్రం తెరిచిన డైరెక్టరీలోనే నకిలీ డీఎల్ఎల్ ఉంచి మోసగించే దాడులపై మైక్రోసాఫ్ట్ 2010 ఆగస్టులో హెచ్చరిక విడుదల చేసింది. ప్రోగ్రామ్ నడుస్తూనే దారులు చేర్చుకునే ఫంక్షన్లు విండోస్‌లో ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో అది లైనక్స్ కన్నా ఉదారం. 2019లో వచ్చిన పైథాన్ 3.8 ఎక్స్‌టెన్షన్ల డీఎల్ఎల్‌ల కోసం ‘పాత్’ను చూడటం మానేసి, డైరెక్టరీని స్పష్టంగా చేర్చే ఫంక్షన్‌ను ఇచ్చింది.

లోపాన్ని కనుక్కోవడం

మొదటి పనిముట్టు ఎల్‌డీడీ. ప్రోగ్రామ్ పేరు ఇస్తే ఏ లైబ్రరీ ఏ ఫైలు నుంచి వస్తుందో, ఏది దొరకలేదో చూపిస్తుంది. అది పనిచేసే తీరులో కొన్ని సందర్భాల్లో ఆ ప్రోగ్రామ్ నిజంగానే నడిచే అవకాశం ఉంది కనుక నమ్మకం లేని ఫైళ్ల మీద వాడకూడదు. వాటికి రీడ్ఎల్ఫ్ ‘-డీ’ ఆప్షన్‌తో చాలు. ఏదీ నడపకుండా అవసరాల పట్టికనూ ఆర్‌పాత్ రన్‌పాత్‌లనూ చదివి చూపిస్తుంది. ఎల్‌డీడీకి సొంత ప్రజ్ఞ లేదు, అది నడిచిన షెల్‌లోని వేరియబుళ్లతోనే వెతుకుతుంది. షెల్‌లో అంతా సవ్యమని చూపినది సేవగా నడిచేటప్పుడు తప్పు కావచ్చు.

అన్నిటికన్నా నిక్కచ్చిగా చెప్పేది లోడరే. ‘ఎల్‌డీ_డీబగ్’ వేరియబుల్‌కు ‘లిబ్స్’ అనే విలువ ఇచ్చి ప్రోగ్రామ్‌ను నడిపితే ప్రతి లైబ్రరీ పేరూ, దాని కోసం చూసిన ప్రతి డైరెక్టరీ, ఆ డైరెక్టరీ ఎక్కడినుంచి వచ్చిందో, అంటే ఫలానా ఫైలు రన్‌పాత్ నుంచా, వేరియబుల్ నుంచా, సూచిక నుంచా అన్నదీ వరుసగా ముద్రిస్తుంది. లిబ్‌పట్టిక ఉదంతంలో ఆ వరుసలను చదివితే, లెక్క రన్‌పాత్‌లోని డైరెక్టరీ లిబ్‌గణితం కోసం వెతికినప్పుడు కనిపించి, లిబ్‌పట్టిక కోసం వెతికినప్పుడు జాబితాలో లేకపోవడం కళ్లకు కడుతుంది.